అడగండి, చెబుతాం: జర్మనీ పల్లెలో పంచాయతీ, ఇరుగుపొరుగు

జర్మనీ అనగానే మనకు బెర్లిన్, మ్యూనిక్ గుర్తొస్తాయి. కానీ మన వైపు నుంచి నర్సులుగా, ఇంజనీర్లుగా వెళ్ళిన పిల్లల్లో కొందరు దిగేది మన పాలెం అంత కూడా లేని ఊళ్ళలో. ఆ ఊళ్ళ సంగతులు అడుగుతూ వచ్చిన ఉత్తరాలకు ఈసారి శీర్షిక మొత్తం ఇచ్చేశాం. ముందుగా ఒక మాట. జర్మనీలో 16 రాష్ట్రాలున్నాయి. పంచాయతీ చట్టం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. కాబట్టి కింద ఏదైనా రాష్ట్రం పేరు చెప్పి రాసిన నియమాన్ని ఆ రాష్ట్రానికే వర్తింపజేసుకోండి.

తెనాలి నుంచి ఒక తండ్రి: మా అబ్బాయి రైన్‌లాండ్-ఫాల్ట్స్ రాష్ట్రంలో 420 మంది ఉన్న ఊళ్ళో అద్దెకుంటున్నాడు. అక్కడి సర్పంచి పగలంతా వేరే ఉద్యోగం చేసుకుంటాడట. పంచాయతీ ఆఫీసు వారానికి ఒక సాయంత్రం గంటసేపే తెరుస్తారట. మరి ఊరి పనులు ఎవరు చూస్తారు?

మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఊరి పెద్దను అక్కడ ఒర్ట్స్‌బ్యూర్గర్‌మైస్టర్ అంటారు. ఆ రాష్ట్రంలో అది గౌరవ పదవి. జీతం ఉండదు, నెలకు కొంత భత్యం ఇస్తారు. అందుకే రైతైనా, పంతులైనా, బ్యాంకు గుమాస్తా అయినా తన పని తాను చేసుకుంటూనే ఆ బాధ్యత మోస్తారు. ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు, గడువు 5 ఏళ్ళు. కిందటి ఎన్నికలు 2024 జూన్ 9న జరిగాయి.

ఎంత జనాభాకు ఎంతమంది పంచాయతీ సభ్యులో చట్టంలోనే ఉంది. 300 మంది దాకా 6గురు, 500 దాకా 8 మంది, 1,000 దాకా 12 మంది, 2,500 దాకా 16 మంది. మీ అబ్బాయి ఊరికి 8 మంది అన్నమాట. ఇంత చిన్న ఊళ్ళో వార్డులుండవు, ఊరంతా కలిసి అందరినీ ఎన్నుకుంటుంది. ఓటు వేసే పద్ధతి ఒకటి మనవాళ్ళకు వింతగా తోస్తుంది. పోటీకి అభ్యర్థుల జాబితా ఏదీ రాకపోయినా, ఒక్కటే వచ్చినా, ఓటరు తనకు నచ్చిన పేర్లు బ్యాలెట్ మీద తనే రాయొచ్చు. నామినేషన్ వెయ్యని మనిషి కూడా అలా గెలుస్తాడు, ఒప్పుకోవాలా వద్దా అన్నది తర్వాత ఆయన ఇష్టం. రాసిన పేరు ఎవరిదో తేలకపోతే మాత్రం ఆ ఓటు పోయినట్టే. తండ్రికీ కొడుక్కీ ఒకే పేరున్న ఇళ్ళలో ఈ చిక్కు వస్తుంది.

ఇక ఆఫీసు సంగతి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి ఆఫీసు ఉంటుంది, దాని పేరు ఫెర్బాండ్స్‌గెమైండె. దానికి జీతం తీసుకునే పూర్తికాలపు మేయరు ఉంటాడు, ఆయన గడువు 8 ఏళ్ళు. ఊళ్ళ లెక్కలు రాయడం, పన్ను నోటీసులు పంపడం, నివాస నమోదు, మంచినీరు, మురుగునీరు, ప్రాథమిక పాఠశాలలు, అగ్నిమాపక దళం అన్నీ అక్కడే. ఊరి చేతిలో ఉండేవి సొంత బడ్జెట్, ఊరి వీధులు, శ్మశానం, ఆటస్థలం, ఊరి హాలు, ఊరి అడవి. కొత్త ఇళ్ళు ఎక్కడ కట్టాలో తేల్చే లేఅవుట్ ప్లాను కూడా ఊరిదే. దీన్ని మన మండల పరిషత్‌తో పోల్చకండి. పది పదిహేను పంచాయతీల కార్యదర్శులందరూ ఒకే కప్పు కింద కూర్చుని, ప్రతి ఊరి తీర్మానాన్నీ ఆ ఊరి పేరు మీదే అమలు చేస్తున్నట్టు ఊహించుకోండి. నిర్ణయం ఊరిది, కాగితం పని ఉమ్మడిది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ఈ ఏర్పాటుకు లోయర్ శాక్సొనీలో జాంట్‌గెమైండె అనీ, ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో ఆమ్ట్ అనీ, బవేరియాలో ఫెర్వాల్టుంగ్స్‌గెమైన్‌షాఫ్ట్ అనీ పేర్లున్నాయి. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో మాత్రం 1970ల నాటికే ఊళ్ళను కలిపేశారు. అంత పెద్ద రాష్ట్రంలో ఇప్పుడు మున్సిపాలిటీలు 396 మాత్రమే. జనాభాలో దానికి పావువంతు కూడా లేని రైన్‌లాండ్-ఫాల్ట్స్‌లో సుమారు 2,300 ఉన్నాయి. కలిపేసిన చోట ఊరికి పేరు మిగులుతుంది కానీ బడ్జెట్ మిగలదు. ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో మరో విశేషం: జనాభా 70 లోపు ఉంటే సభ్యుల ఎన్నికే ఉండదు, ఓటర్లందరూ కూర్చుని తీర్మానిస్తారు. మన గ్రామసభే అక్కడ పాలకవర్గం!

తేడా కొట్టేదల్లా మనుషులు దొరకని చోట. పదవికి ఎవరూ ముందుకు రాకపోతే సభ్యులు తమలో తాము మాట్లాడుకుని ఎన్నుకుంటారు. అదీ కుదరకపోతే ఉప పెద్ద ఆ బరువు మోస్తూ పోవాల్సిందే. జీతం లేని పని, రాత్రిపూట ఫోన్లు, వీధి దీపం వెలగలేదని గేటు దగ్గర నిలదీతలు. ఈ పని చేసేవాళ్ళకు దక్కాల్సినంత గుర్తింపు దక్కడం లేదన్నది మా అభిప్రాయం.

విజయవాడ నుంచి పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి రిటైరైన పాఠకుడు: మన పంచాయతీలకు ఇంటి పన్ను, ఆర్థిక సంఘం నిధులు తప్ప చేతిలో పెద్దగా ఏమీ ఆడదు. అక్కడి ఊరికి సొంత రాబడి ఏముంటుంది? రేటు ఎవరు వేస్తారు?

రేటు ఊరే వేస్తుంది. జర్మనీ రాజ్యాంగం 28వ అధికరణం రెండో ఖండం, ఊరి వ్యవహారాలు చట్టానికి లోబడి తన బాధ్యత మీద తానే చూసుకునే హక్కు ఊరికి ఇచ్చింది. ఆ హక్కులో డబ్బు కూడా భాగమే.

మొదటిది భూమి పన్ను. పొలానికి, అడవికి 'ఎ' రకం, ఇళ్ళకు, స్థలాలకు 'బి' రకం. పశ్చిమ జర్మనీ ప్రాంతంలో 1964 నాటి విలువల మీద, తూర్పున 1935 నాటి విలువల మీద దశాబ్దాల పాటు పన్ను వేస్తూ వచ్చారు. అది చెల్లదని 2018లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. కొత్త లెక్క 2025 జనవరి 1 నుంచి నడుస్తోంది. ఇళ్ళు కట్టకుండా ఖాళీగా ఉంచిన స్థలాల మీద ఎక్కువ రేటు వేసుకునే 'సి' రకం కూడా అప్పుడే వచ్చింది.

రెండోది వ్యాపార పన్ను, గెవెర్బెస్టొయర్. దీని లెక్క ఒకసారి చేసి చూపిస్తే బాగుంటుంది. ఊళ్ళో ఒక వడ్రంగి సొంతానికి దుకాణం నడుపుతున్నాడు, ఏడాది లాభం 64,500 యూరోలు అనుకోండి. సొంత వ్యాపారికి 24,500 మినహాయింపు, మిగిలింది 40,000. దాని మీద దేశమంతటా ఒకటే 3.5 శాతం, అంటే 1,400 యూరోలు. ఇక్కడి దాకా ఆదాయపు పన్ను ఆఫీసు పని. ఆ 1,400ను ఎన్ని రెట్లు చేయాలన్నది ఊరు నిర్ణయిస్తుంది, ఆ గుణకం పేరు హేబెసాట్స్. 400 శాతం అని తీర్మానిస్తే 5,600 యూరోలు వస్తాయి. 200 శాతం కన్నా తగ్గించడానికి చట్టం ఒప్పుకోదు. వచ్చిన దాంట్లోంచి ఆ 1,400 మీద 35 శాతం, అంటే 490 యూరోలు, పై ప్రభుత్వాలకు పోతాయి. అయితే ఇందులో ఒక ఉపాయం దాగి ఉంది. సొంత వ్యాపారి ఆ 1,400కు 4 రెట్ల వరకు తన ఆదాయపు పన్నులోంచి తగ్గించుకోవచ్చు. అంటే గుణకం 400 దాకా ఉంటే, ఆదాయపు పన్ను కూడా అంత ఉన్న వడ్రంగికి నిజంగా పడే భారం దాదాపు ఏమీ లేదు. అందుకే 400 దాటించే రోజున పంచాయతీ హాల్లో గొంతులు లేస్తాయి.

మూడోది ఆదాయపు పన్నులో 15 శాతం వాటా. ఊళ్ళో నివాసం నమోదైనవాళ్ళు కట్టిన పన్నును బట్టి ఇది ఊరికి వస్తుంది. ఒంటరివారికి 35,000, దంపతులకు 70,000 యూరోల ఆదాయం వరకే లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి ఒక్క కోటీశ్వరుడు వచ్చి చేరితే ఊరు బాగుపడదు. మామూలు జీతగాళ్ళు పదిమంది ఎక్కువ మేలు. ఇవి కాక అమ్మకపు పన్నులో కొంత వాటా, కుక్కల పన్ను, అడవి కలప, శ్మశానం రుసుములు ఉంటాయి. గాలిమర ఉంటే ఇంకొకటి: స్తంభానికి 2,500 మీటర్ల లోపున్న ఊళ్ళకు యూనిట్‌కు 0.2 సెంట్ల దాకా ఇచ్చే వీలును పునరుత్పాదక విద్యుత్ చట్టం కల్పించింది. ఏడాదికి కోటి ఇరవై లక్షల యూనిట్లు తీసే మర అయితే 24,000 యూరోలు. ఆ పరిధిలో రెండు మూడు ఊళ్ళుంటే విస్తీర్ణాన్ని బట్టి పంచుకుంటాయి.

ఇంతా చేసి చేతిలో ఎంత మిగులుతుంది? చాలా పెద్ద భాగం జిల్లాకూ ఉమ్మడి ఆఫీసుకూ చందాగా వెళ్ళిపోతుంది. అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. వ్యాపార పన్నును ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు 15వ తేదీల్లో అడ్వాన్సుగా కడతారు. లాభం తగ్గిందని తేలితే ఊరు తిరిగి ఇవ్వాలి. జిల్లా చందా మాత్రం అంతకుముందు కాలపు రాబడి మీద లెక్క కడతారు. ఒక్క ఫ్యాక్టరీ మీద బతికే ఊళ్ళో ఆ ఫ్యాక్టరీ నష్టపోయిన ఏడాది వెనక్కి ఇచ్చేదీ ఉంటుంది, మంచి ఏడాది తాలూకు చందా కట్టేదీ ఉంటుంది. తెలివైన కోశాధికారి మంచి ఏడాదిలోనే దీనికి డబ్బు పక్కన పెడతాడు. అప్పు చేయాలంటే జిల్లాలోని పర్యవేక్షణాధికారి అనుమతి కావాలి. ఆయన చూసేది చట్టప్రకారం ఉందా లేదా అనే. ఆ రోడ్డు వేయడం తెలివైన పనా కాదా అని తీర్పు చెప్పే హక్కు ఆయనకు లేదు.

గుంటూరు నుంచి ఒక తల్లి: మా అమ్మాయి వృద్ధాశ్రమంలో నర్సుగా వచ్చే నెల చేరుతోంది. పల్లెలో గది ఇచ్చారు. దిగగానే ఏ కాగితాలు చేయించుకోవాలి?

అమ్మా, గదిలో చేరిన 2 వారాల్లోపు నివాస నమోదు చేయించాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. గడువు దాటితే 1,000 యూరోల దాకా జరిమానా వేయొచ్చు. వెళ్ళాల్సింది ఊరి పెద్ద దగ్గరికి కాదు, పైన చెప్పిన ఉమ్మడి ఆఫీసుకు. పాస్‌పోర్టు, వీసా, ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం పట్టుకెళ్ళాలి. ఎక్కువమంది తిరిగొచ్చేది ఈ మూడో కాగితం దగ్గరే. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు. యజమాని పేరు, చిరునామా, గదిలో చేరిన తేదీ, గది చిరునామా, చేరినవారి పేర్లు ఉన్న వేరే పత్రం కావాలి. ఆశ్రమమే గది ఇచ్చినట్టయితే ఆశ్రమం ఇవ్వాలి. తాళం చేతులోకి తీసుకునేటప్పుడే అడగమనండి. నమోదుకు రుసుము లేదు.

నమోదయ్యాక 11 అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది. ఆ నంబరు ఇవ్వకపోతే జీతంలో పన్ను ఎక్కువ రేటున కోసేస్తారు. ఇక్కడే రెండో పొరపాటు జరుగుతుంది: పోస్టు డబ్బా మీద పేరు. అక్కడ ఇళ్ళకు ఫ్లాట్ నంబరు ఉండదు, డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తారు. మన పిల్లలు పిలుపు పేరు రాసి అంటిస్తారు, ఉత్తరం మీద ఇంటిపేరు ఉంటుంది, అది వెనక్కి పోతుంది. కాబట్టి పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరే పెద్ద అక్షరాల్లో డబ్బా మీదా, కాలింగ్ బెల్ మీదా అంటించాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇక్కడే, బయల్దేరక ముందే సరిచేయించుకోండి. అక్కడి ఫారాలన్నీ ఇంటిపేరుతోనే మొదలవుతాయి.

నమోదు ఫారంలో మతం అనే గడి ఉంటుంది. ఇది గుంటూరు వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర మన ఊరికి వచ్చిన నాటి నుంచి ఇక్కడ లూథరన్ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ ప్రొటెస్టంట్ అనో, క్యాథలిక్ అనో రాస్తే చర్చి పన్ను మొదలవుతుంది. బవేరియా, బాడెన్-వుర్టెంబెర్గ్‌లలో ఆదాయపు పన్ను మీద 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. నెలకు 300 యూరోల పన్ను కోస్తుంటే మరో 27 యూరోలు అదనం. రాయమనీ వద్దనీ మేం చెప్పం. ఆ డబ్బుతో చర్చిలు, వాటి సేవలు నడుస్తాయి, ఇష్టపడి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. తెలిసి రాయాలి, అంతే. తర్వాత మానుకోవాలంటే మళ్ళీ ప్రభుత్వ ఆఫీసుకో కోర్టుకో స్వయంగా వెళ్ళాలి.

ఒక ఇంటికి నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ చందా నోటీసు కూడా వస్తుంది. టీవీ లేదని పారేయకండి. టీవీ ఉన్నా లేకపోయినా కట్టాలి, అయితే ఇంటికి ఒక్కటే. నలుగురు కలిసి ఉంటే ఒకరు కడితే చాలు.

మంగళగిరి నుంచి: రాత్రి రెండు గంటలకు సైరన్ మోగితే ఇంటి ఓనరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తాడట. ఆ ఊళ్ళో ఫైర్ స్టేషన్ లేదా? మా అబ్బాయిని కూడా చేరమంటున్నారు. చేరవచ్చా?

ఫైర్ స్టేషన్ ఉంది, అందులో జీతగాళ్ళు లేరు. పెద్ద నగరాల్లో తప్ప జర్మనీలో మంటలార్పేది ఊరివాళ్ళే. దేశం మొత్తంలో ఇలాంటి స్వచ్ఛంద సభ్యులు సుమారు పది లక్షల మంది. 112కు ఫోన్ చేస్తే జిల్లా కంట్రోల్ రూమ్ సభ్యుల పేజర్లకు సంకేతం పంపుతుంది, కొన్ని ఊళ్ళలో సైరన్ కూడా మోగుతుంది. రైన్‌లాండ్-ఫాల్ట్స్‌లో మొదటి బండి 8 నిమిషాల్లో చేరాలన్న లెక్కతో ఏర్పాట్లు చేస్తారు.

చిన్న ఊరి షెడ్డులో ఉండే బండి పేరు టీఎస్ఎఫ్. ఆరుగురు ఎక్కుతారు, వెనక మోసుకెళ్ళే పంపు ఒకటి ఉంటుంది. 10 బార్ ఒత్తిడిలో నిమిషానికి 1,000 లీటర్లు తోస్తుంది. నలుగురు పట్టుకుని దించాలి. దీని కష్టం మన రైతులకు చెప్పనక్కర్లేదు. ఆయిలింజను సక్షన్ పైపులో ఎక్కడ గాలి తీసుకున్నా నీళ్ళు ఎక్కవు కదా, ఇక్కడా అంతే. 110 మిల్లీమీటర్ల సక్షన్ పైపులు ఒక్కొక్కటి 1.6 మీటర్లు, వాటిని కలిపే చోట రబ్బరు వాషరు ఎండిపోయినా, ఇసుక పడినా చెరువు పక్కనే నిలబడి కూడా ఒక్క చుక్క రాదు. అందుకే సాధన రోజు నీళ్ళు లేకుండానే పంపును పరీక్షిస్తారు. మూతలన్నీ బిగించి గాలి లాగితే 30 సెకన్లలో గేజీ ముల్లు మైనస్ 0.8 బార్‌కు చేరాలి. ఆపాక ఒక నిమిషంలో 0.1 బార్ కన్నా పడిపోకూడదు. పడిందంటే ఏ జాయింటు దగ్గరో వెతకాలి. నీటి మట్టం పంపుకు ఏడున్నర మీటర్ల కన్నా లోతున ఉంటే ఎంత మంచి పంపైనా లాగలేదు.

పంపు నుంచి పంపిణీ గొట్టం దాకా పరిచేది 75 మిల్లీమీటర్ల, 20 మీటర్ల గుడ్డ పైపు. మంట దగ్గరికి తీసుకెళ్ళేది సన్నది, 15 మీటర్లది. వీధి గోడల మీద ఎర్ర అంచున్న తెల్ల పలక మీద 'హెచ్ 100' అని, కింద అంకెలు కనిపిస్తాయి. అక్కడి నుంచి ఎన్ని మీటర్లు ముందుకు, ఎంత పక్కకు కొలిస్తే నేలలో హైడ్రంటు మూత ఉందో ఆ అంకెలు చెబుతాయి. 100 అంటే నీటి గొట్టం వ్యాసం మిల్లీమీటర్లలో. మీ అబ్బాయి కారు పార్కు చేసేటప్పుడు ఆ మూత మీద చక్రం పెట్టకూడదు, చలికాలంలో దాని మీదికి మంచు తోయకూడదు.

ఇక చేరవచ్చా అంటే, చేరవచ్చు. పౌరసత్వం అడగరు. ఆరోగ్యం ఉండాలి, రేడియోలో చెప్పింది అర్థమయ్యేంత జర్మన్ రావాలి. మొదటి శిక్షణ కనీసం 70 గంటలు, సాయంత్రాల్లో, శనివారాల్లో. శ్వాస పరికరం తగిలించుకుని పొగలోకి వెళ్ళాలంటే విడిగా వైద్య పరీక్ష, మరో 25 గంటల శిక్షణ. పని వేళల్లో పిలుపు వస్తే కంపెనీ వదిలిపెట్టాలి, జీతం కోయకూడదు. ప్రైవేటు కంపెనీ ఆ జీతాన్ని తిరిగి రాబట్టుకుంటుంది. అసలు సమస్య పగటిపూట. ఊళ్ళో సగంమంది పట్నంలో ఉద్యోగాలకు పోయి ఉంటారు, బండి ఉంటుంది కానీ ఎక్కేవాళ్ళుండరు. అందుకని పగలు రెండు మూడు ఊళ్ళ దళాలను కలిపి పిలుస్తారు. ఊళ్ళోనే ఇంటి నుంచి పనిచేసే కుర్రాడంటే వాళ్ళకు ఎంత విలువో దీన్నిబట్టి ఊహించండి. చేరమనండి. భాష రావడానికి, ఊరివాడు కావడానికి ఇంతకన్నా దగ్గరి దారి మాకు తెలియదు.

నందిగామ నుంచి: అక్కడ పన్ను కడుతున్నాడు కదా, మా తమ్ముడు పంచాయతీ ఎన్నికల్లో ఓటు వేయవచ్చా? కనీసం సమావేశంలో మాట్లాడనిస్తారా?

ఓటు లేదు. స్థానిక ఎన్నికల్లో జర్మన్లతో పాటు ఐరోపా కూటమి దేశాల పౌరులకే హక్కుంది. 2024 జూన్ 27 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం 5 ఏళ్ళ నివాసంతో జర్మన్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టవచ్చు. జర్మనీ రెండు పౌరసత్వాలను ఒప్పుకుంటుంది, మన దేశం ఒప్పుకోదు. ఆ రోజున భారత పాస్‌పోర్టు అప్పగించాల్సి ఉంటుంది.

సమావేశానికి మాత్రం ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. అజెండాను ముందుగానే ప్రకటిస్తారు, ఊరి నోటీసు పెట్టెలోనో, వారంవారం ఇంటికొచ్చే ఉమ్మడి పత్రికలోనో చూడండి. ఊరివాళ్ళ ప్రశ్నల సమయం అని అజెండాలో అంశం ఉంటే అప్పుడు అడగవచ్చు. దానికి పౌరసత్వం అక్కర్లేదు, ఊళ్ళో నివాసం ఉంటే చాలు. ప్రశ్న పొట్టిగా, ఒకే విషయం మీద ఉండాలి. ఆ రోజు అజెండాలో ఉన్న అంశం మీద వాదన మొదలుపెడితే ఆపేస్తారు.

ఒక దృశ్యం చూడమనండి. ఒక సభ్యుడి సొంత స్థలం గురించి అంశం వస్తే ఆయన బల్ల దగ్గర్నుంచి లేచి, వెనక జనం కూర్చునే కుర్చీల్లోకి వెళ్ళి కూర్చుంటాడు. చర్చలో మాట్లాడడు, ఓటు వేయడు. భార్య, పిల్లలు, తోబుట్టువులకు లాభం చేకూరే అంశమైనా ఇంతే. లేవడం మర్చిపోయి ఓటు వేస్తే తీర్మానమే చెల్లకుండా పోవచ్చు. నాలుగు వందల మంది ఊళ్ళో అందరూ అందరికీ చుట్టాలే కాబట్టి ఒక్కోసారి సగం బల్ల ఖాళీ అవుతుంది.

మాచర్ల నుంచి ఒక రైతు: మాకు అడవి పందుల బెడద ఎక్కువ. జర్మనీలో రైతు తన పొలంలో పందిని కాల్చుకోవచ్చని విన్నాం. నిజమా?

కాదు. వేట హక్కు భూమితో పాటే వస్తుంది, కానీ దాన్ని సొంతంగా వాడుకోవాలంటే ఒకే చెక్కగా 75 హెక్టార్లు, అంటే సుమారు 185 ఎకరాలు ఉండాలి. అంత లేనివాళ్ళ పొలాలన్నీ కలిపి కనీసం 150 హెక్టార్ల ఉమ్మడి వేట ప్రాంతం అవుతుంది. ఆ భూముల యజమానులందరూ చట్టప్రకారమే ఒక సంఘంలో సభ్యులు. దాని పేరు యాగ్డ్‌గెనొస్సెన్‌షాఫ్ట్. సంఘం వేట హక్కును లైసెన్సున్న వేటగాళ్ళకు కౌలుకిస్తుంది. తీర్మానం నెగ్గాలంటే హాజరైన తలల్లో మెజారిటీ కావాలి, వాళ్ళ భూమి విస్తీర్ణంలోనూ మెజారిటీ కావాలి. పెద్ద రైతొక్కడే నెట్టుకుపోలేడు, చిన్నవాళ్ళందరూ కలిసి పెద్దవాడిని తోసేయలేరు. మాకు ఇది బాగా నచ్చిన నియమం. కౌలు డబ్బును ఎకరాల లెక్కన పంచుకుంటారు, లేదా డొంక దారులు బాగుచేయడానికి వాడతారు.

పంది పొలం తవ్వితే నష్టపరిహారం సంఘం ఇవ్వాలి. ఆ బాధ్యతను మామూలుగా కౌలు ఒప్పందంలోనే వేటగాడి మీద పెడతారు. నష్టం తెలిసిన వారం రోజుల్లోపు ఊరి పాలనాఫీసుకు తెలపాలి. ఎనిమిదో రోజున చెబితే హక్కు పోయినట్టే. అందుకే మొక్కజొన్న పొడవు పెరిగాక గట్టు మీద నుంచి చూసి ఊరుకోకూడదు, లోపలికి వెళ్ళి చూడాలి. ద్రాక్ష, పండ్ల తోటలు, నర్సరీల వంటివాటికి కంచె వేసుకోకపోతే పరిహారం రాదు. కాల్చిన పందిని తినే ముందు ట్రైకినా పురుగు పరీక్ష తప్పనిసరి.

బ్రాడీపేట, గుంటూరు నుంచి: ఆదివారం మిక్సీ వేస్తే పోలీసులొస్తారా? చెత్త డబ్బాలు నాలుగెందుకు?

మిక్సీకి రారు. నివాస ప్రాంతంలో గడ్డి కోసే యంత్రం లాంటివి ఆదివారాలు, సెలవు రోజులు పూర్తిగా నిషేధం, మిగతా రోజుల్లో రాత్రి 8 నుంచి ఉదయం 7 దాకా నిషేధం. గోడలకు డ్రిల్లు వేసే పని కూడా ఆదివారం పెట్టుకోవద్దు.

చెత్త జిల్లా పని. ఏ డబ్బా ఏ రోజో చెప్పే క్యాలెండరు జిల్లా నుంచి వస్తుంది. కాగితం, కూరగాయల తొక్కలు, ప్యాకింగ్ ప్లాస్టిక్, మిగతాది అని నాలుగు. తొక్కల డబ్బాలో ప్లాస్టిక్ సంచి కనిపిస్తే డబ్బా ఎత్తకుండా ఎర్ర చీటీ అంటించి పోతారు, తర్వాత రెండు వారాలు ఆ వాసన మీదే. గారెలు వేయించిన నూనె సింకులో పోయకండి, చలికి గొట్టంలో గడ్డకడుతుంది. చల్లార్చి సీసాలో పోసి మూత బిగించి మిగతా చెత్తలో వేయాలి. మంచు పడితే ఇంటి ముందు నడకదారి శుభ్రం చేయడం కూడా చాలా ఊళ్ళలో ఇంటివాళ్ళ పనే, అద్దె ఒప్పందంలో ఆ వాక్యం ఉందేమో చూసుకోండి.

గన్నవరం నుంచి: ఊళ్ళో కొట్టు లేదు, బస్సు రోజుకు మూడుసార్లే. ఎలా నెట్టుకొస్తారు?

పల్లె బస్సు బడి వేళలను బట్టి నడుస్తుంది, బడి సెలవుల్లో మరీ తగ్గుతుంది. టైంటేబుల్‌లో ఫోన్ బొమ్మ ఉన్న సర్వీసులు ముందుగా ఫోన్ చేస్తేనే వస్తాయి, చెప్పకుండా స్టాపులో నిలబడితే రావు. దేశమంతా తిరిగే నెలవారీ టికెట్టు 2026 జనవరి నుంచి 63 యూరోలు. మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ స్థిరపడిన 6 నెలల దాకానే చెల్లుతుంది, తర్వాత రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ ప్యాసవ్వాలి. కాబట్టి మొదటి నెలలోనే మొదలుపెట్టాలి.

పొన్నూరు నుంచి సహకార సంఘం సభ్యుడు: మన పరపతి సంఘాల మూలం జర్మనీ పల్లెలో ఉందని ఒక సభలో చెప్పారు. ఎంతవరకు నిజం?

పూర్తిగా నిజం. ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్ వెస్టర్‌వాల్డ్ కొండల్లో ఊరి మేయరుగా పనిచేశాడు: 1845 నుంచి వైయర్‌బుష్, 1848 నుంచి ఫ్లామర్స్‌ఫెల్డ్, 1852 నుంచి హెడ్డెస్‌డోర్ఫ్. 1846-47 కరువులో వైయర్‌బుష్‌లో కలిగినవాళ్ళ చేత డబ్బు వేయించి, ధాన్యం తెప్పించి, ఊరి పొయ్యిలో రొట్టె కాల్చి చవకగా ఇప్పించాడు. దానం మీద నడిచేది నిలబడదని అనుభవంలో తెలుసుకుని, 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో అప్పు తీసుకునేవాళ్ళే సభ్యులుగా పరపతి సంఘం పెట్టాడు. ఒక ఊరికి ఒక సంఘం, ఒకరి బాకీకి అందరూ పూచీ, పాలకవర్గానికి జీతం లేదు. ఒకరినొకరు ఎరిగిన ఊరు కాబట్టే తాకట్టు లేకుండా అప్పు ఇవ్వగలిగారు.

మన గుంటూరు, కృష్ణా ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ ప్రభుత్వం కోసం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి ఐరోపా పరపతి సంఘాలను పరిశీలించి 1895, 1897లో రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. మనకు కావాల్సింది రైఫైజెన్ లాంటి మనిషి అని తేల్చాడు. 1904 సహకార పరపతి సంఘాల చట్టం ఆ దారిలోనే వచ్చింది. పల్లె సంఘాల సభ్యులకు అపరిమిత పూచీ అందులో ఉంది. మీ సంఘంలో పాత బైలా ప్రతి దొరికితే సభ్యుల పూచీ గురించిన నియమం ఏముందో తీసి చూడండి.